సివిల్ అప్రెంటిస్‌కు సైట్‌లో ఏడాది: ఒక స్లాబ్‌ను పట్టుకుని పని నేర్చుకునే పద్ధతి

సివిల్ ఇంజనీరింగ్ చదివి అప్రెంటిస్‌గా సైట్‌లో అడుగుపెట్టిన చాలామందికి మొదటి నెలలు ఒకే తీరుగా గడుస్తాయి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం, కూలీల హాజరు రాయడం, ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, సీనియర్ వెనకాల తిరగడం. రోజంతా అలసట ఉంటుంది. కానీ ఈరోజు ఏం తెలుసుకున్నావని రాత్రి ఇంట్లో ఎవరైనా అడిగితే చెప్పడానికేమీ ఉండదు. ఏడాది తర్వాత ఇంటర్వ్యూలో "స్లాబ్ వేసే ముందు ఏమేం చెక్ చేస్తావు?" అని అడిగితే మాట తడబడుతుంది.

ఏడాది పాటు సైట్‌లో నిలబడినా పని దానంతట అది రాదు. ఒక అంకెను ముందే అంచనా వేసుకుని, మీ చేత్తో కొలిచి, తేడా ఎందుకు వచ్చిందో కనుక్కున్నప్పుడు వస్తుంది. కింద చెప్పేదంతా ఆ అలవాటు గురించే. కేంద్రం నడిపే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం (ఎన్‌ఏటీఎస్) కింద ఏడాది అప్రెంటిస్‌షిప్‌లో చేరే బీటెక్, డిప్లొమా వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను. చదువులో భాగంగానే కొన్ని సెమిస్టర్లు సంస్థలో పనిచేసే కోర్సుల వాళ్ళకూ ఇది పనికొస్తుంది. ఉదాహరణకు భవన నిర్మాణాన్ని తీసుకున్నాను. కాలువ, రోడ్డు, వంతెన పనుల్లో ఉన్నవాళ్ళు స్లాబ్ స్థానంలో తమ పనిని పెట్టుకోవచ్చు.

1. చేరేటప్పుడు చూసుకోవాల్సిన కాగితాలు

అప్రెంటిస్‌షిప్ 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద నడుస్తుంది. ఇంజనీరింగ్ గ్రాడ్యుయేట్లను, డిప్లొమా వాళ్ళను 1973 సవరణతో అందులో చేర్చారు. సంస్థకూ మీకూ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది ఎన్‌ఏటీఎస్ పోర్టల్‌లో నమోదు కావాలి. 2019 నిబంధనలు కనీస స్టైపెండ్‌ను గ్రాడ్యుయేట్లకు నెలకు 9,000 రూపాయలుగా, డిప్లొమా వాళ్ళకు 8,000గా పెట్టాయి. అందులో సగం కేంద్రం భరిస్తుంది. చేరే రోజున అమల్లో ఉన్న మొత్తాన్ని పోర్టల్‌లో చూసుకోండి. మన రెండు రాష్ట్రాల వ్యవహారం చూసేది చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ బోర్డు.

ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడే ఒక మాట అడగండి: "ఏడాదిలో నన్ను ఏయే విభాగాల్లో పెడతారు సార్?" ఎగ్జిక్యూషన్, క్వాలిటీ ల్యాబ్, సర్వే, బిల్లింగ్, ప్లానింగ్ అని చాలా సంస్థల్లో విభాగాలు వేరువేరుగా ఉంటాయి. ఎవరూ అడగకపోతే అప్రెంటిస్‌ను మొదట పడేసిన చోటే ఏడాదంతా ఉంచేస్తారు.

2. ముందు ప్రాణం

ఈ విషయాన్ని ఇండక్షన్ రోజున పది నిమిషాల్లో చెప్పి వదిలేస్తారు. మీరు మాత్రం వదలకండి. హెల్మెట్, బూట్లు లేకుండా సైట్‌లోకి వెళ్ళకండి. సెంట్రింగ్ విప్పిన చెక్కల్లో మేకులు పైకి ఉంటాయి, మామూలు చెప్పుల్లోంచి దిగిపోతాయి. లిఫ్టు గుంత, డక్టుల ఖాళీలు, స్లాబ్ అంచులు ఎక్కడున్నాయో ప్రతి అంతస్తులో ముందు చూసుకోండి. వైబ్రేటర్ వైరు నీళ్ళలో పడి ఉందేమో చూడండి.

అన్నిటికంటే ఎక్కువగా భయపడాల్సింది పునాది గోతులకు. మట్టి ఘనపు మీటరుకు టన్నున్నరకు పైనే బరువుంటుంది. విరిగిపడితే నడుము దాకా కూరుకున్న మనిషిని కూడా వెంటనే లాగలేరు. మీటరున్నర కంటే లోతైన గోతికి పక్కల ఆసరా పెట్టాలి, లేదా పక్కలను వాలుగా తవ్వాలి. నల్లరేగడి నేలలో వాన పడిన మర్నాడు ఇంకా జాగ్రత్త. "ఒక్క నిమిషం దిగి లెవెల్ చూసి రా" అని పైవాళ్ళు చెప్పినా ఆసరా లేని గోతిలో దిగకండి. లెవెల్ చూసే కొలబద్దను (స్టాఫ్) పైనుంచే పట్టుకోవచ్చు. అప్రెంటిస్‌కు పనిలో గాయమైతే పరిహారం ఇవ్వాల్సిన బాధ్యతను చట్టం సంస్థ మీదే పెట్టింది. అది తెలిసి ఉండటం మంచిదే, ఆ అవసరం రాకుండా చూసుకోవడం అంతకన్నా మంచిది.

3. మొదటి రెండు వారాలు: డ్రాయింగ్ చేతిలో పట్టుకుని తిరగండి

స్ట్రక్చరల్ డ్రాయింగ్‌ల ప్రింట్ ఒక సెట్ అడిగి తీసుకోండి. ప్రతి షీటు మీద రివిజన్ నంబరు ఉంటుంది. ఆఫీసులో ఉన్న రివిజన్, బార్ బెండర్ (రాడ్లు కోసి వంచే పనివాడు) చేతిలో ఉన్న రివిజన్ ఒకటేనా అని పోల్చండి. పాత షీటు పట్టుకుని రాడ్లు కట్టేయడం సైట్‌లలో తరచూ జరిగే పొరపాటు, కొత్తగా వచ్చిన అప్రెంటిస్ కూడా దాన్ని పట్టుకోగలడు.

తర్వాత రోజుకో కాలమ్ తీసుకోండి. డ్రాయింగ్‌లో దాని సైజు, రాడ్ల సంఖ్య, రింగుల దూరం చదివి, సైట్‌లో దాని దగ్గరికి వెళ్ళి టేపుతో చూడండి. కాలమ్ చివర్ల దగ్గర రింగులు ఎందుకు దగ్గరగా, మధ్యలో ఎందుకు దూరంగా ఉన్నాయో కాలేజీ నోట్సు తీసి చదవండి. భూకంపాన్ని తట్టుకునేలా రాడ్లు ఎలా పెట్టాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 13920 పాఠం కాలేజీలో ముక్కున పట్టినా, కాలమ్ పక్కన నిలబడి చదివితే అర్థమవుతుంది.

ఈ రెండు వారాల్లోనే సైట్ భాష పట్టుకోవాలి. పుస్తకంలో స్టిరప్ అని చదివింది ఇక్కడ రింగు, ఫార్మ్‌వర్క్ సెంట్రింగ్, స్పిరిట్ లెవెల్ రసమట్టం. మేస్త్రి మాట అర్థం కాకపోతే తలూపేయకుండా మళ్ళీ అడగండి.

4. ఒక స్లాబ్‌ను ఎంచుకోండి

సైట్‌లో ఒకేసారి పది పనులు నడుస్తుంటాయి. అన్నిటినీ చూడబోతే ఏదీ మిగలదు. మూడో వారంలో ఒక స్లాబ్‌ను ఎంచుకుని, సెంట్రింగ్ మొదలైన రోజు నుంచి 28వ రోజు కాంక్రీటు బలం చూసే క్యూబ్ పరీక్ష ఫలితం వచ్చే దాకా దాని వెంట ఉండండి. ఏడాదిలో మూడు నాలుగు స్లాబ్‌లు ఇలా పూర్తిగా చూసినవాళ్ళు, ముప్పై స్లాబ్‌లు అరకొరగా చూసినవాళ్ళ కంటే గట్టిగా ఉంటారని నా నమ్మకం.

లెక్క కోసం 12 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 125 ఎంఎం మందం, ఎం25 కాంక్రీటు (28 రోజులకు చదరపు ఎంఎంకు 25 న్యూటన్ల బలం) ఉన్న స్లాబ్ అనుకుందాం.

సెంట్రింగ్ దశలో ముందు రెండు మూలల మధ్య కర్ణం కొలవండి. మూలలు సరిగ్గా ఉంటే రెండు కర్ణాలూ 15.62 మీటర్లు రావాలి. ఈ అంకెను ముందు రాత్రే లెక్కకట్టి పుస్తకంలో రాసుకుని వెళ్ళండి. సెంట్రింగ్‌ను మోసే గుంజల (ప్రాప్‌ల) కింద గట్టి నేల ఉందా, తడి మట్టి మీద ఒట్టి చెక్కముక్క పెట్టారా చూడండి. ప్రాప్‌లు నిటారుగా ఉన్నాయా, వాటిని ఒకదానితో ఒకటి అడ్డంగా కట్టారా చూడండి. షీట్ల సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోతే కింద తేనెపట్టులా కంకర తేలుతుంది.

స్లాబ్ అడుగు లెవెల్‌ను ఆటో లెవెల్‌తో చూస్తారు. లెవెల్ బుక్ మీరే రాస్తానని అడగండి. బెంచ్ మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) 100.000 అనుకుంటే, దాని మీద రీడింగ్ 1.425 వస్తే పరికరం ఎత్తు 101.425. చూడాల్సిన చోట రీడింగ్ 0.985 అయితే ఆ చోటు 100.440. కూడికలు తీసివేతలే, అయినా ఒక్క అంకె తిరగరాస్తే అంతస్తు లెవెల్ మారిపోతుంది. పని అయ్యాక మళ్ళీ బెంచ్ మార్క్ మీదికి వచ్చి ముగించే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి.

5. రాడ్ల దగ్గర ఎక్కువ సేపు ఉండండి

అప్రెంటిస్ నేర్చుకోవాల్సినదాంట్లో సగం రాడ్ల దగ్గరే ఉంది.

మొదట బరువు. వ్యాసాన్ని ఎంఎంలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 8 ఎంఎం రాడ్ 0.395, 12 ఎంఎం 0.889, 16 ఎంఎం 1.58. ఈ 162 ఎక్కడి నుంచి వచ్చిందో ఉక్కు సాంద్రత 7,850తో ఒకసారి మీరే రాబట్టండి. తర్వాత ఒక గదికి లెక్క వేయండి: 4.2 మీటర్ల పొడవులో 150 ఎంఎం దూరాన 8 ఎంఎం రాడ్లు పెడితే 29 రాడ్లు. ఒక్కోటి 3.7 మీటర్లయితే మొత్తం 107.3 మీటర్లు, 42 కిలోలకు పైన. బార్ బెండర్ ఎన్ని కోశాడో లెక్కపెట్టి పోల్చండి. తేడా వస్తే ముందు మీ లెక్కనే అనుమానించండి. వంపులు, అతుకులు మర్చిపోయి ఉండొచ్చు.

రెండోది కవర్, అంటే రాడ్‌కూ కాంక్రీటు బయటి అంచుకూ మధ్య ఉండే కాంక్రీటు మందం. మామూలు వాతావరణంలో స్లాబ్‌కు కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 చెప్పేది 20 ఎంఎం. కాలమ్‌కు కనీసం 40, ఫుటింగ్‌కు కనీసం 50. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటును ఆ కోడ్ తీవ్రమైన పరిస్థితి కింద లెక్కిస్తుంది. అక్కడ కవర్ 45 ఎంఎం, కనీస గ్రేడ్ ఎం30. తీరంలోని పాత భవనాల్లో బాల్కనీ అడుగున పెచ్చులూడి తుప్పు రాడ్లు బయటపడటం చూసే ఉంటారు. కవర్ ఎంత ముఖ్యమో అక్కడ కళ్ళకు కడుతుంది. కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్ళు పెట్టారేమో వంగి చూడండి.

మూడోది పై రాడ్లు. సపోర్టుల మీద, బాల్కనీల్లో, సన్‌షేడ్‌లలో ప్రధాన రాడ్లు పైభాగాన ఉంటాయి. పోత రోజు అందరూ వాటి మీదే నడుస్తారు. వాటిని పైకి ఎత్తిపట్టే వంచిన రాడ్లు (చైర్లు) సరిగా లేకపోతే అవి కిందికి దిగిపోతాయి. మన 125 ఎంఎం స్లాబ్‌లో 20 కవర్, 10 ఎంఎం రాడ్ అయితే పనికొచ్చే లోతు 100 ఎంఎం. రాడ్ 25 ఎంఎం కుంగితే అది 75 అవుతుంది, బలం దాదాపు పావు వంతు పోయినట్టే. బాల్కనీలా ఒక్క చివరే పట్టు ఉన్న కాంటిలివర్‌కు వేరే ఆధారం ఉండదు కాబట్టి అక్కడ ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. చైర్లు ఎంత దూరాన ఉన్నాయో కొలిచి రాసుకోండి. పోత నడుస్తున్నంతసేపూ పై రాడ్ల మీద ఒక కన్ను ఉంచండి.

నాలుగోది అతుకు. సైట్‌లో "ఎంత ల్యాప్ ఇవ్వాలి మేస్త్రి గారూ?" అని అడిగితే "యాభై డీ" అంటారు, అంటే రాడ్ వ్యాసానికి 50 రెట్లు. ఈ మాటను పుస్తకంతో సరిచూడండి. ఎఫ్‌ఈ 500 రాడ్, ఎం25 కాంక్రీటు అయితే ఐఎస్ 456 ప్రకారం డెవలప్‌మెంట్ లెంగ్త్ (రాడ్ జారకుండా కాంక్రీటులో ఉండాల్సిన పొడవు) సుమారు 48.5 రెట్లు వస్తుంది, కాబట్టి 50 సరిపోతుంది. అదే రాడ్‌ను ఎం20 కాంక్రీటులో పెడితే 56.6 రెట్లు కావాలి, అక్కడ 50 చాలదు. మేస్త్రి మాట ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో ఈ ఒక్క లెక్క చెబుతుంది. సైట్ పద్ధతులను కొట్టిపారేయకండి, గుడ్డిగా నమ్మకండి. ప్రతిదాన్నీ ఇలా కోడ్ పక్కన పెట్టి చూడటమే అప్రెంటిస్‌షిప్‌లో అసలు చదువు.

6. పోత రోజు

ముందు రోజే పరిమాణం లెక్కకట్టండి. 12 × 10 × 0.125 అంటే 15 ఘనపు మీటర్లు, దానికి బీములు కలపాలి. ఆ మొత్తం ఆరేసి ఘనపు మీటర్ల లారీలు ఎన్నవుతుందో రాసుకోండి. నమూనాల లెక్క కూడా అప్పుడే తేలుతుంది. ఐఎస్ 456 ప్రకారం 6 నుంచి 15 ఘనపు మీటర్లకు 2 నమూనాలు, 16 నుంచి 30 దాకా 3. బీములతో కలిపి మనది 15 దాటుతుంది కాబట్టి 3 నమూనాలు. నమూనాకు 3 క్యూబ్‌ల చొప్పున 9. ఏడో రోజు పరీక్షకు వేసేవి వీటికి అదనం.

లారీ రాగానే చలానా చూడండి. గ్రేడ్ ఎంత, ప్లాంటులో ఎన్ని గంటలకు లోడ్ చేశారు? రెడీమిక్స్ కాంక్రీటును మామూలుగా లోడ్ చేసిన రెండు గంటల్లోపు దించేయాలి. సెట్టింగ్ ఆలస్యం చేసే మందు కలిపితే ఇంకొంత వ్యవధి ఇస్తారు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఈ గడియారం చాలా ముఖ్యం.

తర్వాత స్లంప్, అంటే తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో కోన్‌తో చూసే పరీక్ష. కోన్ ఎత్తు 300 ఎంఎం, అడుగు 200, పైన 100. పరీక్ష మీరే చేస్తామని అడగండి, చేతులు మురికైతే కానీ ఇది రాదు. ఫలితం చూసే ముందు కాంక్రీటును కంటితో చూసి మీ అంచనా పుస్తకంలో రాయండి. కొన్ని లారీల తర్వాత మీ కన్ను కోన్‌కు దగ్గరవుతుంది.

కాంక్రీటు గట్టిగా ఉందని పంపు దగ్గర ఎవరో నీళ్ళు పోయమంటారు. దాని ఫలితం ఎంతో లెక్కతో తెలిసి ఉండాలి. ఘనపు మీటరుకు 350 కిలోల సిమెంటు, నీరు సిమెంటు నిష్పత్తి 0.45 అయితే అందులో నీరు 157.5 లీటర్లు. ఆరు ఘనపు మీటర్ల లారీలో 60 లీటర్లు పోస్తే మీటరుకు 10 లీటర్లు పెరుగుతాయి, నిష్పత్తి 0.48 దాకా వెళ్తుంది. డిజైన్ చేసిన బలం అక్కడే తగ్గిపోయింది. స్లంప్ పెంచాలంటే రెడీమిక్స్ వాళ్ళ టెక్నీషియన్ తగిన మోతాదులో అడ్‌మిక్స్చర్ (కాంక్రీటులో కలిపే రసాయనం) కలపాలి, నీళ్ళు కాదు.

వైబ్రేటర్ పట్టుకునే మనిషి దగ్గర పావుగంట నిలబడండి. సూదిని నిలువుగా దించి, బుడగలు ఆగాక నెమ్మదిగా తీస్తాడు. కాంక్రీటును సూదితో పక్కకు తోయకూడదు. బీము, కాలమ్ కలిసే ఇరుకు చోట ఎలా దించుతున్నాడో చూడండి, తేనెపట్టు ఎక్కువగా వచ్చేది అక్కడే.

7. పోత తర్వాతి నాలుగు వారాలు

ఇక్కడే చాలామంది అప్రెంటిస్‌లు వదిలేసి తర్వాతి అంతస్తుకు వెళ్ళిపోతారు. మీరు వదలకండి. క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంట్లకు, వేడి పొడి వాతావరణానికి కనీసం 10 రోజులు అని కోడ్ చెబుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో పగలు ఒకసారి నీళ్ళు కొట్టి ఊరుకుంటే మధ్యాహ్నానికే పైభాగం ఎండిపోతుంది. మడులు కట్టి నీళ్ళు నిలపాలి. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళి తడి ఉందా లేదా చూసి రాయండి.

సెంట్రింగ్ విప్పే రోజుల్లో ఒత్తిడి మొదలవుతుంది. ప్రాప్‌లు పై అంతస్తుకు కావాలని తొందరపెడతారు. ఓపీసీ సిమెంటుతో, వేగంగా ఎండనీయకుండా తడిగా ఉంచితే, 4.5 మీటర్ల దాకా స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబ్ ప్రాప్‌లు 7 రోజులకు, అంతకు మించితే 14 రోజులకు తీయొచ్చు. బీముల ప్రాప్‌లకు 6 మీటర్ల దాకా 14 రోజులు, పైన 21. పీపీసీ అయితే ఎన్ని రోజులు ఆగాలో డిజైన్ ఇంజనీర్ చెప్పాలి. కాంటిలివర్ ప్రాప్‌లు తీసేటప్పుడు కొస నుంచి లోపలికి ఎందుకు తీస్తారో మీ అంతట మీరు ఆలోచించి, తర్వాత అడిగి సరిచూసుకోండి.

క్యూబ్ పరీక్షకు ల్యాబ్‌కు తప్పకుండా వెళ్ళండి. 150 ఎంఎం క్యూబ్ మీద 25 బలం అంటే మిషన్ మీద 562.5 కిలోన్యూటన్లు. ఎం25 మిశ్రమాన్ని సాధారణంగా సగటున 31.6 వచ్చేలా డిజైన్ చేస్తారు, అంటే 711 కిలోన్యూటన్ల దగ్గర. ఏడో రోజుకు అందులో 65 నుంచి 70 శాతం వస్తుందని మోటుగా అనుకోవచ్చు. ఈ అంకెలు చేతిలో పట్టుకుని ముల్లు తిరగడం చూస్తే మిక్స్ డిజైన్ పాఠం మళ్ళీ చదవక్కర్లేదు. ఒక నమూనాలోని మూడు క్యూబ్‌లలో ఏదైనా సగటుకు 15 శాతానికి మించి తేడాగా ఉంటే ఆ నమూనా చెల్లదు. ఒక్కో ఫలితంతో పాటు వరుసగా నాలుగు ఫలితాల సగటు కూడా చూస్తారు, ఆ సగటు 25 కంటే పైనే ఉండాలి.

8. పుస్తకం ఎలా రాయాలి

ఇంగ్లండ్‌లో 2015 నుంచి డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు నడుస్తున్నాయి. అక్కడి సివిల్ అప్రెంటిస్‌లు ఉద్యోగం చేస్తూనే యూనివర్సిటీలో డిగ్రీ చదువుతారు, చేసిన పనికి ఆధారాలు పోగుచేసి చివర్లో పరీక్షకుల ముందు పెడతారు. "స్లాబ్ పని చూశాను" అంటే అక్కడ సరిపోదు, అందులో మీరేం చేశారు, ఎందుకు చేశారు అని అడుగుతారు. మన దగ్గర ఎవరూ అంతగా అడగకపోయినా ఆ పద్ధతి తీసుకోవడం మంచిది.

రోజుకో పేజీ చాలు. ముందు రాత్రి అంచనా, పగలు కొలత, సాయంత్రం తేడాకు కారణం. కింద ఒక ప్రశ్న. చేత్తో గీసిన బొమ్మ తప్పనిసరి, ఫోన్ ఫొటో దానికి బదులు కాదు. గీయడానికి కూర్చుంటేనే ఏ రాడ్ దేని పైన ఉందో గమనించలేదని తెలుస్తుంది.

9. ఎవరిని, ఎప్పుడు అడగాలి

మేస్త్రిని పోత మధ్యలో ప్రశ్నలతో విసిగించకండి. టీ టైమ్‌లో, లేదా పని ముగిశాక అడగండి. ఆయన చదువు మీకంటే తక్కువ కావచ్చు, కానీ పాతికేళ్ళ పని ఆయన చేతుల్లో ఉంది. ఏకవచనంతో పిలవకండి. "ఇలా ఎందుకు చేశారు?" అనే ప్రశ్న తప్పు పట్టినట్టు వినిపిస్తుంది. "ఇది ఎలా కడతారో ఒకసారి చూపిస్తారా మేస్త్రి గారూ?" అంటే సంతోషంగా చూపిస్తారు. సైట్ ఇంజనీర్ దగ్గరికి మాత్రం ఒట్టి ప్రశ్నతో వెళ్ళొద్దు. "డ్రాయింగ్‌లో 150 ఉంది సార్, మూడు చోట్ల కొలిచాను, 180 వస్తోంది" అని కొలతతో వెళ్ళండి. అప్పుడు ఆయన పని ఆపి మీ వెంట వస్తారు.

తప్పు కనిపించినప్పుడు టెన్షన్ పడటం సహజం. పని ఆపించే అధికారం అప్రెంటిస్‌కు ఉండదు, చెప్పే బాధ్యత ఉంటుంది. అందరి ముందూ మేస్త్రితో వాదించకుండా నేరుగా మీ ఇంజనీర్‌కు చెప్పండి. చెప్పాక గ్రిడ్ నంబరు, కొలత, టైము రాసి మెసేజ్ కూడా పెట్టండి. మీరు కొలవని దాని మీద ఎవరు చెప్పినా సంతకం పెట్టకండి. చెక్‌లిస్టులో "మిగతావి కూడా టిక్ పెట్టెయ్" అంటే, చూసినవాటికే పెడతానని మర్యాదగా చెప్పండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

10. చివరి నాలుగు నెలలు

రెండు మూడు స్లాబ్‌లు పూర్తయ్యాక బిల్లింగ్‌కు మార్చమని అడగండి. మీరు కొలిచిన పనికే డబ్బు ఎలా లెక్కకడతారో అక్కడ తెలుస్తుంది. ప్రభుత్వ పనుల్లో అయితే ఎం బుక్‌లో (కొలతల పుస్తకం) కొలతలు ఎలా రాస్తారో, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) రాసినదాన్ని ఆయన పై అధికారి డీఈఈ ఎలా చెక్ చేస్తారో చూడండి. తర్వాత ప్లానింగ్‌లో కొన్ని వారాలు. మీ స్లాబ్‌కు ఎన్ని రోజులు ప్లాన్ చేశారు, ఎన్ని పట్టాయి, ఆలస్యం సెంట్రింగ్ దగ్గరా రాడ్ల దగ్గరా అన్నది మీ పుస్తకంలోనే ఉంటుంది కాబట్టి ఆ సమావేశాల్లో మీ మాటకు విలువ వస్తుంది.

వెళ్ళిపోయే ముందు పుస్తకాన్ని మీ ఇంజనీర్‌కు చూపించి, ముఖ్యమైన పేజీల మీద సంతకం తీసుకోండి. డ్రాయింగ్‌లు, టెస్ట్ రిపోర్టులు సంస్థవి, అనుమతి లేకుండా కాపీలు తీసుకెళ్ళకూడదు. మీ చేతిరాత లెక్కలు, బొమ్మలు మాత్రం మీవే. ఏడాది పొడవునా పోర్టల్‌లో చేరాల్సిన ప్రగతి వివరాలు పెండింగ్ లేకుండా ఉన్నాయా అని హెచ్‌ఆర్ దగ్గర ముందే చూసుకోండి. అవి పూర్తయితేనే బోర్డు ఇచ్చే ప్రావీణ్య ధ్రువపత్రం ఇబ్బంది లేకుండా వస్తుంది.